తాతగారి ట్రంకుపెట్టెలో పాత ఉత్తరాలున్నాయా? స్టాంపు కత్తిరించే ముందు ఒక్క నిమిషం ఆగండి.. యుద్ధకాలపు స్టాంపుల సేకరణ ఇలా మొదలుపెట్టండి

ఇల్లు మారుతున్నారు. అటక మీద నుంచి తుప్పుపట్టిన ఓ ట్రంకుపెట్టె కిందకు దిగింది. లోపల పాత పంచాంగాలు, శిస్తు రసీదులు, పురికొసతో కట్టిన ఉత్తరాల కట్ట. చాలా ఇళ్లలో ఆ కట్ట నేరుగా పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్లిపోతుంది. కొందరు కాస్త జాగ్రత్తపరులు. కత్తెర తీసుకుని స్టాంపులు మాత్రం కత్తిరించి దాచుకుంటారు, కవర్లు చెత్తబుట్టలో వేస్తారు.

నిజం చెప్పాలంటే రెండూ నష్టమే. ఆ ఉత్తరాలు మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) లేదా రెండో ప్రపంచ యుద్ధం (1939-45) నాటివైతే, రెండో పని ఇంకా బాధాకరం. ఎందుకంటే ఆ స్టాంపు మార్కెట్లో ఎక్కడైనా దొరకొచ్చు. ఆ కవర్ మాత్రం ఇంకెక్కడా దొరకదు.

యుద్ధకాలపు స్టాంపుల సేకరణకు పెద్ద డబ్బు అక్కర్లేదు. కాస్త ఓపిక, కొంచెం చరిత్ర మీద ఆసక్తి ఉంటే చాలు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలి? ఏది కొనాలి, ఏది కొనకూడదు? నకిలీలను ఎలా గుర్తుపట్టాలి? అన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

పాతదైతే లక్షలు వస్తాయా?

ముందు ఈ భ్రమ వదిలించుకోవాలి. 'మీ దగ్గర ఈ స్టాంపు ఉంటే మీరే లక్షాధికారి' అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలు మీరూ చూసే ఉంటారు. స్టాంపు ధరను నిర్ణయించేది దాని వయసు కాదు. ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎంతమంది వాటిని కోరుకుంటున్నారు.. ఇవే లెక్క.

ఓ ఉదాహరణ చూడండి. అమెరికా 1942 జులై 4న 'విన్ ద వార్' పేరుతో 3 సెంట్ల ఊదా రంగు స్టాంపు విడుదల చేసింది. రెక్కలను ఇంగ్లిష్ 'వి' అక్షరంలా చాచిన గద్ద బొమ్మ దానిపై ఉంటుంది. ఇది ఒకటీ రెండూ కాదు, ఏకంగా 2 వేల కోట్లకు పైగా అమ్ముడైంది. 80 ఏళ్లు దాటినా ఇవాళ్టికీ అతి చౌకగా దొరికే స్టాంపుల్లో ఇదొకటి. హిట్లర్ బొమ్మతో 1941 నుంచి జర్మనీ వాడిన మామూలు స్టాంపుల పరిస్థితీ అంతే. కోట్లలో అచ్చయ్యాయి కాబట్టి కుప్పలు తెప్పలుగా ఉన్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇది మంచి వార్తే. చరిత్రలో అంత పెద్ద ఘట్టానికి సాక్ష్యంగా నిలిచిన అసలు వస్తువు చిన్న ఖర్చుతోనే మీ చేతికి వస్తుంది.

మొదటి అడుగు: ఒక్క దారి ఎంచుకోండి

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కనిపించిందల్లా కొనేస్తారు. రెండు నెలల తర్వాత చూస్తే ఆల్బమ్ నిండా ఒకదానికొకటి పొంతన లేని కాగితం ముక్కలు. అందుకే ముందు ఒక చిన్న పరిధి గీసుకోండి. మన తెలుగువాళ్లకు అనువైన నాలుగు దారులు ఇవి.

1. బ్రిటిష్ ఇండియా: సిపాయి వెంట నడిచిన స్టాంపు

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో భారత సైనికులు ఫ్రాన్స్, తూర్పు ఆఫ్రికా, మెసొపొటేమియా.. ఇలా ఎక్కడెక్కడికో ఓడల్లో వెళ్లారు. వాళ్ల తపాలా కోసం ఐదో జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న భారత స్టాంపులపైనే 'ఐఈఎఫ్' అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలను నల్లగా అచ్చువేశారు. ఇండియన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్సెస్ అని దాని అర్థం. ఇలా ఉన్న స్టాంపుపై అదనంగా అచ్చు వేయడాన్నే ఓవర్‌ప్రింట్ అంటారు. యుద్ధకాలపు సేకరణలో ఈ మాట మీకు పదే పదే ఎదురవుతుంది.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. దీనికి ముందు 1937లో ఆరో జార్జి చక్రవర్తి బొమ్మతో వచ్చిన సిరీస్ చూడముచ్చటగా ఉంటుంది. 2 అణాల స్టాంపుపై గంటల కర్ర పట్టుకుని పరుగెత్తే తపాలా బంట్రోతు, ఆ తర్వాత విలువల్లో వరుసగా ఎద్దుబండి, టాంగా, ఒంటె, రైలు, ఓడ, లారీ, 12 అణాల స్టాంపుపై విమానం. అప్పటి తపాలా ప్రయాణం మొత్తం ఒక్క వరుసలో కనిపిస్తుంది.

యుద్ధం నడుస్తుండగా 1940-43 మధ్య వచ్చిన కొత్త సిరీస్‌లో ఈ బొమ్మలు మాయమయ్యాయి. ఎక్కువ స్టాంపులపై రాజు తల మాత్రమే మిగిలింది. 14 అణాల స్టాంపుపై మాత్రం విమానం కొనసాగింది. ఈ రెండు సిరీస్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పుస్తకం చదవకుండానే కాలం మారిన సంగతి తెలుస్తుంది.

యుద్ధం ముగిశాక, 1946 జనవరి 2న 'విక్టరీ' పేరుతో నాలుగు స్టాంపులు వచ్చాయి. 9 పైలు, అణాన్నర, మూడున్నర అణాలు, 12 అణాలు. నాలుగే కాబట్టి సెట్ పూర్తిచేయడం తేలిక. కొత్తవాళ్లు పూర్తిచేయదగిన మొదటి సెట్ ఇదే అనుకోవచ్చు.

ఇక్కడో చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఇప్పటి పైసలు 1957లో వచ్చాయి. స్టాంపు మీద '9 పి' అని ఉంటే 9 పైసలు అనుకోకండి, అది 9 పైలు.

2. నిజాం హైదరాబాద్: మన ఊరి స్టాంపు

తెలంగాణ పాఠకులకు ఇది ప్రత్యేకం. నిజాం సంస్థానానికి సొంత తపాలా వ్యవస్థ, సొంత స్టాంపులు ఉండేవి. మొదటి స్టాంపు 1869లోనే వచ్చింది. 1871లో మొదలైన స్టాంపులపై ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీతో పాటు తెలుగులోనూ విలువ రాసి ఉండేది. 1931లో వచ్చిన సిరీస్‌లో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్ బొమ్మలు కనిపిస్తాయి.

రెండో ప్రపంచ యుద్ధ విజయానికి గుర్తుగా నిజాం ప్రభుత్వం కూడా 1 అణా నీలం రంగు స్టాంపు వేసింది. దాని బొమ్మ చూస్తే మనసు కాస్త ఆగుతుంది. తుపాకులు కావు, ట్యాంకులు కావు. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చిన సైనికుడు. ఇంతకంటే సూటిగా విజయం అంటే ఏంటో చెప్పిన స్టాంపులు తక్కువే.

నిజాం స్టాంపులు సంస్థానం లోపల మాత్రమే చెల్లేవి. హైదరాబాద్ నుంచి మద్రాసుకో బొంబాయికో ఉత్తరం పంపాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాల్సిందే. అటు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి అక్కడ మొదటి నుంచీ బ్రిటిష్ ఇండియా స్టాంపులే. అంటే మీ తాతగారి ఊరు ఏదన్నదాన్ని బట్టి మీ ట్రంకుపెట్టెలో దొరికే స్టాంపు మారుతుంది.

3. బర్మా: పదేళ్లలో ఇన్ని చేతులు మారిన దేశం ఇది

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో 'మా తాత రంగూన్ వెళ్లాడు' అనే మాట వినని ఊరు అరుదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ కావడంతో అక్కడ మనవాళ్లను 'కోరంగీలు' అనే పిలిచేవారు. రంగూన్ 1942 మార్చి 8న జపాన్ చేతికి చిక్కింది. ఆ రోజుల్లో లక్షల మంది భారతీయులు అక్కడి నుంచి బయల్దేరారు. ఎంతోమంది కాలినడకన కొండలు, అడవులు దాటుకుంటూ వచ్చారు. దారిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంటికి రావాల్సిన ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆ పదేళ్ల కథ మొత్తం స్టాంపుల్లో ఉంది. 1937 ఏప్రిల్‌లో భారత్ నుంచి విడిపోయినప్పుడు భారత స్టాంపుల మీదే 'బర్మా' అని అచ్చువేసి వాడారు. తర్వాత ఆరో జార్జి బొమ్మతో సొంత స్టాంపులు వచ్చాయి. 1942లో బర్మా ఇండిపెండెన్స్ ఆర్మీ అవే స్టాంపుల మీద, రాజు బొమ్మ మీదుగా నెమలి ముద్ర కొట్టింది. జపాన్ పాలనలో వేరే స్టాంపులు. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగొచ్చాక 'మిలిటరీ అడ్మినిస్ట్రేషన్' అని తెలిపే ఓవర్‌ప్రింట్. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం.

ఒక్క ఆల్బమ్ పేజీలో వరుసగా అతికిస్తే, మీ కుటుంబ కథ కూడా అందులో ఒక భాగంగా కనిపించొచ్చు. అయితే నెమలి ముద్ర ఉన్నవాటిలో నకిలీలు విపరీతం. దాని గురించి కింద చెప్పుకుందాం.

4. ప్రపంచం: చౌకగా దొరికే కథలు

విదేశీ స్టాంపులు ఇష్టపడేవాళ్లకు అమెరికా 1943-44లో విడుదల చేసిన 'ఓవర్‌రన్ కంట్రీస్' సిరీస్ మంచి ఆరంభం. శత్రువు ఆక్రమించిన దేశాల జెండాలతో 5 సెంట్ల స్టాంపులు, మొత్తం 13. పోలండ్‌తో మొదలై కొరియాతో ముగుస్తాయి.

బ్రిటన్ కథ ఇంకోలా ఉంటుంది. యుద్ధంలో రంగు పొదుపు చేయడానికి 1941-42లో తన మామూలు స్టాంపులనే లేత రంగుల్లో అచ్చు వేసింది. ముదురు రంగుది ఒకటి, లేతది ఒకటి పక్కపక్కన పెడితే చాలు. యుద్ధం వల్ల వచ్చిన కొరత ఎంతవరకూ పాకిందో కళ్లకు కనిపిస్తుంది.

అసలు సంగతి: స్టాంపు కాదు, కవర్ మాట్లాడుతుంది

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. యుద్ధకాలపు ఉత్తరం నుంచి స్టాంపును విడదీయొద్దు.

ఎందుకు? బ్రిటన్‌కు చెందిన గర్న్‌సీ అనే చిన్న దీవిని 1940లో జర్మనీ ఆక్రమించింది. పెన్నీ స్టాంపులు అయిపోయాయి. అప్పుడు అధికారులు 2 పెన్నీల స్టాంపును ఐమూలగా సగానికి కోసి ఒక పెన్నీకి వాడుకోవచ్చని అనుమతిచ్చారు. ఇప్పుడు ఆలోచించండి. ఆ సగం ముక్క విడిగా మీ చేతికొస్తే అది చిరిగిన కాగితం. అదే ముక్క కవర్ మీద, పైన తేదీ ముద్రతో ఉంటే అది చరిత్ర. మనం కత్తెరతో కవర్ నుంచి స్టాంపు కోసిన ప్రతిసారీ ఇలాంటి సాక్ష్యాన్నే చెరిపేస్తున్నాం.

మరి కవర్ మీద ఏం చూడాలి?

- ఎఫ్‌పీవో ముద్ర: ఫీల్డ్ పోస్ట్ ఆఫీస్ అని అర్థం. సైనికుడు ఎక్కడున్నాడో శత్రువుకు తెలియకూడదు కాబట్టి ముద్రలో ఊరి పేరు ఉండదు, నంబర్ మాత్రమే ఉంటుంది. ఆ నంబర్ ఏ తేదీన ఎక్కడుందో చెప్పే పుస్తకాలు ఉన్నాయి. అంటే 80 ఏళ్ల తర్వాత మీరు ఆ రహస్యాన్ని విప్పగలరు.

- సెన్సార్ ముద్ర, పట్టీ: యుద్ధ సమయంలో ఉత్తరాలను తెరిచి చదివేవాళ్లు. 'సెన్సార్ పాస్ చేశారు', 'పరిశీలకుడు తెరిచారు' అనే అర్థం వచ్చే ముద్రలు, కవర్ అంచున అతికించిన కాగితం పట్టీలు కనిపిస్తాయి. లోపల ఉత్తరంలో కొన్ని పదాలు నల్లగా కొట్టేసి ఉండొచ్చు, కొన్ని చోట్ల కత్తిరించి కూడా ఉండొచ్చు. పట్టీ చూడటానికి బాగాలేదని పీకేయకండి. అదే దాని విలువ.

- స్టాంపు లేని ఉత్తరం: యుద్ధ ఖైదీల తపాలాకు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం రుసుం లేదు. 1942లో సింగపూర్, టోబ్రుక్‌లలో వేలాది మంది భారత సైనికులు పట్టుబడ్డారు. ఖైదు నుంచి ఇంటికి వచ్చిన కార్డు మీద స్టాంపు ఉండదు. స్టాంపు లేదు కదా అని పారేస్తే, బహుశా ఆ పెట్టెలో అన్నింటికంటే విలువైనదాన్ని పారేసినట్టే.

- ఎయిర్‌గ్రాఫ్: విమానాల్లో బరువు తగ్గించడానికి 1941లో మొదలైన పద్ధతి. సైనికుడు ఫారం మీద రాసిన ఉత్తరాన్ని మైక్రోఫిల్మ్‌పై ఫొటో తీసి, ఆ ఫిల్మ్‌ను విమానంలో పంపి, చేరిన చోట చిన్న ఫొటోగా ప్రింట్ తీసి ఇచ్చేవారు. మీ ఇంట్లో అరచేతి సైజులో ఉత్తరం ఫొటో ఏదైనా కనిపిస్తే అది ఇదే కావచ్చు.

- తేదీ: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేశాయి. ఆ వారం ఆ ఊళ్ల నుంచి వెళ్లిన ఉత్తరం మీ ఇంట్లో ఉందనుకోండి. మీద ఉన్నది అతి మామూలు స్టాంపే అయినా, తేదీ ముద్ర దాన్ని వేరే స్థాయిలో నిలబెడుతుంది. లోపల 'ఊరు వదిలి వెళ్తున్నాం' అని ఒక్క ముక్క రాసి ఉన్నా చాలు.

కావాల్సిన సామగ్రి ఏంటి?

ఖర్చు ఎక్కువ కాదు. ఇవి ఉంటే చాలు.

- మొన చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్. చేతి చెమట, నూనె స్టాంపుకు శత్రువులు.
- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం.
- స్టాక్‌బుక్. ఇందులో జిగురు పెట్టకుండా పట్టీల మధ్య స్టాంపులు దోపుకోవచ్చు.
- కవర్ల కోసం పాలిస్టర్ స్లీవ్‌లు. మామూలు పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు కాగితాన్ని పాడుచేస్తాయి.
- స్టాంపు అంచున ఉండే రంధ్రాలను కొలిచే పెర్ఫొరేషన్ గేజ్.

ఇక చేయకూడనివి. సెల్లోటేప్, ఫెవికాల్, లామినేషన్.. ఈ మూడూ పూర్తిగా నిషేధం. లామినేషన్ చేయిస్తే 'భద్రంగా ఉంటుంది' అనుకుంటారు చాలామంది. నిజానికి అక్కడితో దాని ఆయుష్షు, విలువ రెండూ పోయినట్టే.

మన వాతావరణం ఇంకో సమస్య. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో తేమ వల్ల కాగితంపై గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఆల్బమ్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. నెలకోసారి గాలి తగిలేలా పేజీలు తిప్పండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది.

మరి నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీసే పద్ధతి? ఏ ప్రత్యేకతా లేని చిత్తుకాగితం ముక్కలపై ఉన్న మామూలు స్టాంపులకైతే సరే. పావుగంట నానబెడితే జారి వస్తుంది. అచ్చు లేని తెల్ల కాగితంపై బోర్లా ఆరబెట్టి, పుస్తకంలో అదిమి ఉంచాలి. యుద్ధకాలపు కవర్‌కు మాత్రం ఈ పద్ధతి వద్దే వద్దు.

నకిలీలు: ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు

ఓవర్‌ప్రింట్ అంటే అసలు స్టాంపు మీద కొట్టిన అదనపు అచ్చు అని చెప్పుకున్నాం కదా. మోసగాళ్లకు ఇదే వరం. చౌకగా దొరికే అసలు స్టాంపు తీసుకుని దానిపై దొంగ ముద్ర కొడితే చాలు. స్టాంపు అసలుదే, కాగితం అసలుదే, వాటర్‌మార్క్ అసలుదే. ముద్ర ఒక్కటే దొంగది. అందుకే బర్మా నెమలి ముద్రలు, అండమాన్ దీవులను జపాన్ ఆక్రమించినప్పుడు భారత స్టాంపులపై కొట్టిన ముద్రలు కొత్తవాళ్లు అసలు ముట్టుకోకపోవడమే మంచిది. కొనాల్సి వస్తే గుర్తింపు ఉన్న నిపుణుల సర్టిఫికెట్ ఉంటేనే కొనాలి.

ఆజాద్ హింద్ స్టాంపుల గురించీ చాలామంది అడుగుతారు. నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఉద్యమం కోసం వీటిని 1943లో బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చువేశారు. రూపొందించింది జర్మన్ దంపతులు. కానీ ఇవి ఎప్పుడూ తపాలాకు వాడకంలోకి రాలేదు. కాబట్టి 'ఆజాద్ హింద్ స్టాంపు అతికించి పోస్టులో వచ్చిన అసలు కవర్' అంటూ ఎవరైనా అమ్మజూపితే వెంటనే అనుమానించండి. విడి స్టాంపులకైతే చరిత్రలో గౌరవ స్థానమే ఉంది. స్వాతంత్ర్య పోరాటంపై తపాలా శాఖ ప్రచురించిన పుస్తకంలోనూ వాటికి చోటు దక్కింది.

కొన్ని నకిలీలకు వాటి సొంత చరిత్ర కూడా ఉంటుంది. 1945లో అమెరికా గూఢచారి విభాగం 'ఆపరేషన్ కార్న్‌ఫ్లేక్స్' నడిపింది. జర్మన్ మెయిల్ రైళ్లపై బాంబులు వేసి, ఆ శిథిలాల దగ్గరే దొంగ తపాలా సంచులు జారవిడిచేవారు. లోపల హిట్లర్ వ్యతిరేక ప్రచారం, పైన దొంగ హిట్లర్ స్టాంపులు. తమ సంచులే అనుకుని జర్మన్ తపాలా వాళ్లే వాటిని ఇంటింటికీ పంచాలన్నది ఎత్తుగడ. ఆ ప్రచారంలో భాగంగా చేసిన ఓ స్టాంపులో హిట్లర్ ముఖం పుర్రెలా ఉంటుంది. విచిత్రం ఏంటంటే, ఇప్పుడు ఆ నకిలీలకు కూడా నకిలీలు వచ్చేశాయి.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు జాగ్రత్త

ధర తెలుసుకోవడానికి కేటలాగ్ చూస్తారు. బ్రిటన్‌కు చెందిన స్టాన్లీ గిబ్బన్స్, అమెరికా స్కాట్, జర్మనీ మిషెల్ పేరున్నవి. అయితే కేటలాగ్ ధర అంటే మంచి స్థితిలో ఉన్న స్టాంపుకు డీలర్ అడిగే ధర. మీరు అమ్మబోతే చేతికొచ్చేది దానికంటే బాగా తక్కువ. ఒక పన్ను విరిగినా, మచ్చ పడినా, వెనుక కాగితం పలచబడినా ధర పడిపోతుంది.

ఇంకో హెచ్చరిక. 'మీ పాత స్టాంపు 20 లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ కట్టండి' అని ఫోన్ వస్తే అది మోసమే. పాత నాణేలు, నోట్ల పేరుతో ఇలాగే ఫీజులు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి కానీ, మీ దగ్గర తీసుకోకూడదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

నమ్మకంగా నేర్చుకోవడానికి దారులున్నాయి. హైదరాబాద్ అబిడ్స్ జీపీవోలో ఫిలాటెలిక్ బ్యూరో ఉంది. అక్కడ దొరికేవి కొత్త స్టాంపులే, యుద్ధకాలానివి కావు. కానీ సేకరించేవాళ్లు పరిచయమయ్యేది అలాంటి చోట్లే. తపాలా శాఖ నిర్వహించే స్టాంపుల ప్రదర్శనలకు వెళ్తే అసలైనవి కళ్లారా చూడొచ్చు, డీలర్లతో ముఖాముఖి మాట్లాడొచ్చు. ఢిల్లీ వెళ్తే డాక్ భవన్‌లోని నేషనల్ ఫిలాటెలిక్ మ్యూజియం తప్పక చూడండి.

పిల్లలకు ఆసక్తి ఉంటే మరో మేలు. 6 నుంచి 9 తరగతుల విద్యార్థుల కోసం తపాలా శాఖ 'దీన్ దయాళ్ స్పర్శ్' పేరుతో స్కాలర్‌షిప్ పథకం ప్రారంభించింది. ఎంపికైనవాళ్లకు ఏడాదికి రూ.6,000 ఇస్తారు. నోటిఫికేషన్ వివరాలు దగ్గర్లోని హెడ్ పోస్టాఫీసులో అడగండి.

మొదటి మూడు నెలల ప్లాన్

మొదటి నెల: ఏమీ కొనొద్దు. మీ ఇల్లు, అమ్మమ్మగారి ఇల్లు, పెదనాన్నగారి ఇల్లు.. ఎక్కడ పాత ఉత్తరాలున్నా బయటకు తీయండి. ఒక్కోదాన్ని ముందూ వెనుకా ఫొటో తీయండి. లోపలి ఉత్తరం దాని కవర్‌లోనే ఉండనివ్వండి. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడి నుంచి.. ఈ నాలుగూ విడి కాగితంపై రాసుకోండి. కవర్ మీద పెన్ను పెట్టొద్దు.

రెండో నెల: ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. 'ఈ పేరు ఎవరిది? ఈయన పట్టాళంలో చేశారా? రంగూన్ నుంచి ఎప్పుడొచ్చారు?' ఇది మాత్రం వాయిదా వేయకండి. స్టాంపు ఇంకో 50 ఏళ్లైనా ఉంటుంది. ఆ పేరు గుర్తుపట్టే మనిషి ఉండకపోవచ్చు.

మూడో నెల: ఇప్పుడు కొనండి. రూ.500 దాటకుండా ఒక చిన్న బడ్జెట్ పెట్టుకోండి. 1946 విక్టరీ సెట్ కోసం చూడండి, లేదంటే 1940-43 సిరీస్‌లో చిన్న విలువల స్టాంపులతో మొదలుపెట్టండి. ప్రతి స్టాంపు కింద రెండు లైన్లు రాయండి. ఏ సంవత్సరం, అప్పుడు ఏం జరిగింది. ఆ రెండు లైన్లు లేకపోతే అది ఆల్బమ్ కాదు, కాగితం ముక్కల సంచి.

చివరిగా..

రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వాళ్లలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కొందరి పేరు మిగిలింది ఒక్కచోటే, ఇంటికి రాసిన ఉత్తరం కవర్ వెనుక, 'ఫ్రమ్' అడ్రస్‌లో. స్టాంపు కత్తిరించి కవర్ పారేస్తే ఆ పేరు కూడా పోతుంది.

అందుకే ఈసారి అటక మీది పెట్టె కిందకు దిగినప్పుడు కత్తెర పక్కన పెట్టండి. ముందు ఆ కవర్‌ను వెనక్కి తిప్పి, ఎవరి పేరుందో చదవండి. మీ సేకరణ అక్కడే మొదలైనట్టు.